రైబోసోమ్ తయారీ: బట్టీ పట్టకుండా ఒక్క కాగితం మీద గీసేదెట్లా

కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రం రైబోసోమ్. అది ఎలా తయారవుతుందనే పాఠం అంటే అనంతపురంలో ఎమ్మెస్సీ పిల్లలకు టెన్షన్. సాయపడే ప్రొటీన్లే 200 పైన ఉంటాయి మరి, చూడగానే గుండె జారుతుంది. ఆ పేర్లు పక్కన పెట్టి తెల్లకాగితం తీసుకోండి. పెద్ద గుండ్రం కణం, లోపలి గుండ్రం కేంద్రకం, దాంట్లో మచ్చ కేంద్రకాంశం. ఏ పని ఎక్కడ జరిగితే అక్కడే రాయండి, అంతే.

ముందు మచ్చలో ఒక పొడవాటి గీత గీయండి. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్-1 అనే ఎంజైమ్ తయారుచేసే ఆర్‌ఎన్‌ఏ అది, మనుషుల్లో 47ఎస్ అంటారు (ఎస్ అంటే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పినప్పుడు కిందికి దిగే వేగానికి కొలత). దాని మీద ఎడమ నుంచి 18ఎస్, 5.8ఎస్, 28ఎస్ అని రైబోసోమ్‌లో చేరే ఆర్‌ఎన్‌ఏలకు మూడు డబ్బాలు పెట్టి, మధ్యలోనూ రెండు చివర్లా ఖాళీ వదలండి. శెనక్కాయ ఒలిచినట్టు కణం ఆ ఖాళీ ముక్కల్ని పొట్టులా తీసేసి గింజలే ఉంచుకుంటుంది. రైబోసోమ్‌లోని మరో ఆర్‌ఎన్‌ఏ 5ఎస్‌ను మాత్రం ఈ గీతలో ఇరికించకండి, దాన్ని పాలిమరేజ్-3 విడిగా చేస్తుంది. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

ఇప్పుడు బయటి నుంచి లోపలికి ఒక బాణం. రైబోసోమ్ ప్రొటీన్లు కణద్రవ్యంలో పాత రైబోసోముల మీదే తయారై కేంద్రకంలోకి వస్తాయి. రైబోసోమ్‌కు చిన్నది, పెద్దది అని రెండు భాగాలు (సబ్‌యూనిట్లు) ఉంటాయి. మనుషుల్లో చిన్న సబ్‌యూనిట్‌కు 33 ప్రొటీన్లు, పెద్దదానికి 47. గీత పూర్తికాకముందే కొన్ని వచ్చి అతుక్కుంటాయి.

18ఎస్‌కీ 5.8ఎస్‌కీ మధ్య కోత పడ్డాక 18ఎస్‌తో చిన్న సబ్‌యూనిట్‌కు, మిగతావాటితో పెద్దదానికి దారులు రెండవుతాయి, రెండు రంగులు వాడండి. చిన్నది త్వరగా బయటపడుతుంది. పెద్దదానికి లోపల ఇంకా పని ఉంటుంది, కాబట్టి ఆలస్యం. రెండింటినీ కేంద్రక రంధ్రాల గుండా దాటించేవాటిలో ముఖ్యమైన ప్రొటీన్ సీఆర్‌ఎమ్1.

బయటికొస్తే అయిపోయిందనుకుంటారు చాలామంది, అసలు కథ అక్కడే ఉంది. చిన్నదాని 18ఎస్‌కు ఇంకా తోక వేలాడుతుంటుంది, దాన్ని నాబ్1 అనే ఎంజైమ్ కోస్తుంది. పెద్దదానికి, సరిగ్గా చిన్నది వచ్చి కలిసే ముఖం మీదే, ఈఐఎఫ్6 అనే ప్రొటీన్ అంటుకుని ఉంటుంది. అది ఊడేదాకా రెండూ జత కట్టలేవు. ఊడదీసేది ఎస్‌బీడీఎస్, ఈఎఫ్ఎల్1 అనే ప్రొటీన్లు. ఎస్‌బీడీఎస్ జన్యువులో లోపం వస్తే ష్వాక్‌మన్-డైమండ్ సిండ్రోమ్: మూలుగ రక్తకణాలు సరిగా చేయదు, క్లోమం జీర్ణ ఎంజైములు చాలినన్ని ఇవ్వదు. ఈ జబ్బును బొమ్మలో ఈఐఎఫ్6 పక్కనే రాస్తే మళ్లీ మర్చిపోరు.

బాక్టీరియాకు వేరే కాగితం. అక్కడ కేంద్రకమే లేదు, 30ఎస్ (చిన్నది), 50ఎస్ (పెద్దది) సబ్‌యూనిట్లు రెండూ ఒకేచోట తయారవుతాయి. 1968లో శాస్త్రవేత్త మసయాసు నొమురా బృందం ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు కలిపి 30ఎస్‌ను పరీక్షనాళికలోనే కట్టేసింది కూడా.