తుప్పు పట్టిన పద్మిని, ఐదో పాఠం: బకెట్టు గొడవలు, ఆపైన ఫ్లోరు

పాత ప్రీమియర్ పద్మిని కారు తుప్పు వదిలించి, బిడ్డను తోడు పెట్టుకుని ఇంట్లోనే బాగుచేసుకునే పాఠాలివి. ఈసారి నేరుగా కారు ఫ్లోరు కోతలోకి దిగాల్సింది. దిగలేం. నాలుగో పాఠం కరెంటు బకెట్టు: వాషింగ్ సోడా నీళ్లలో తుప్పు సామాను, పారేసే ఇనప కడ్డీ విడివిడిగా ముంచి, బ్యాటరీ చార్జరుతో కరెంటు పంపి తుప్పు వదిలించడం. అందులో వేసిన హింజీలు, బ్రాకెట్లు, బంపరు క్లాంపులు చాలామందికి మళ్లీ ఎర్రబడ్డాయి. చేతిలో పట్టే సామానే నిలవకపోతే ఫ్లోరు అసలు నిలవదు. ముందు ఆ లెక్క తేలాలి.

చిన్న గొడవలు త్వరగా ముగిద్దాం. చార్జరు పెట్టినా బుడగలు రాలేదంటే అది కొత్త రకం ఆటోమేటిక్ చార్జరు. ఎదురుగా బ్యాటరీ కనబడకపోతే అది కరెంటు ఇవ్వదు. చార్జరు క్లిప్పులు పాత 12 వోల్టుల బ్యాటరీకి పెట్టి, ఆ బ్యాటరీ నుంచి బకెట్టుకు వైర్లు లాగండి. మధ్యలో 10 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి, ఎందుకంటే లోపల కడ్డీ, సామాను తగిలితే బ్యాటరీ ఊరుకోదు. బ్యాటరీని బకెట్టుకు దూరంగా పెట్టండి. పైకి లేచేది హైడ్రోజన్, దాని పక్కన నిప్పురవ్వ పడకూడదు. సామాను తీసే ముందు చార్జరు ఆపాలి, బ్యాటరీ కలిపి ఉంటే బకెట్టుకు దూరంగా ఫ్యూజు కూడా తీయాలి, బకెట్టు దగ్గర క్లిప్పు లాగి ఆపడం కాదు.

హింజీ సన్నబడిపోయి కడ్డీ నిగనిగలాడిందంటే వైర్లు తారుమారయ్యాయి. తుప్పు సామానుకు మైనస్, పారేసే ఇనుముకు ప్లస్. ఇది చూసే పని బిడ్డకు అప్పగించండి: బుడగలు ఎక్కడ ఎక్కువగా లేస్తున్నాయి? సామాను మీద ఎక్కువ ఉంటే సరే, కడ్డీ దగ్గర ఎక్కువ ఉంటే ఆపేయాలి. హైడ్రోజన్ ఎప్పుడూ ఆక్సిజన్‌కు రెండింతలు వస్తుంది కాబట్టి ఈ పరీక్ష తప్పదు.

కార్బురేటరు బాడీ బకెట్టులో వేయకూడదని వేరే చెప్పాలా? అది ఇనుము కాదు, సోడా నీళ్లు దాన్ని తినేస్తాయి. స్ప్రింగులు, స్టీరింగు బోల్టులు కూడా వద్దు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరితే అది పెళుసై రోడ్డు మీద విరుగుతుంది.

ఇక అసలు గొడవ. వాషింగ్ సోడా దొరకలేదని వంటింటి ఉప్పు వేశారు. ఇంకొందరు బకెట్టే ఎందుకని బాత్రూం యాసిడ్‌లో ముంచారు. రెండూ ఒకే తప్పు, రెండింటిలోనూ ఉన్నది క్లోరైడు.

ఉప్పు నీళ్లలో కరెంటు పెడితే కడ్డీ దగ్గర క్లోరిన్ గ్యాసు పుడుతుంది. బ్లీచింగు పొడి వాసన వచ్చిందని కొందరు అన్నది అదే. తలుపులు మూసిన షెడ్డులో పిల్లల పక్కన చేసే పని కాదది. గ్యాసు గాలికి పోతుంది అనుకున్నా, పోనిది ఇంకొకటి ఉంది. తుప్పు తిన్న ఇనుము మీద కంటికి ఆనని గుంటలుంటాయి, క్లోరైడు వాటి అడుగున కూర్చుంటుంది. పైన ఎంత కడిగినా అక్కడిదాకా నీళ్లు పోవు. ప్రైమరు కొట్టాక కూడా అది గాలిలోని తేమను లాక్కుంటుంది, ఇనుముతో కలిసి తుప్పు చేస్తుంది, ఆ పనయ్యాక మళ్లీ విడుదలై పక్క ఇనుము మీద పడుతుంది. అసలు తీరని అప్పు లాంటిది, కట్టేది వడ్డీయే. ఎండాకాలం రంగు బాగుందనుకుంటారు. అక్టోబరు, నవంబరు వానలకు పొక్కులు లేస్తాయి, తప్పు రంగు కంపెనీ మీద పడుతుంది.

బాత్రూం యాసిడ్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. మూత తీసి పెట్టిన యాసిడ్ ఆవిరికి అదే షెడ్డులో వేలాడే స్పానర్లు, జాకీ, సైకిలు చైను అన్నీ రెండు మూడు రోజుల్లో ఎర్రబడతాయి. కడప బండలు పరిచిన వసారాలో చేసినవాళ్లకు నేల కూడా పోయింది. ఆ బండ సున్నపురాయి జాతి. యాసిడ్ ఏదైనా సరే, తుప్పు తీసే ఫాస్ఫారిక్ అయినా సరే, పడితే బుసబుసా పొంగి తెల్ల మచ్చ మిగులుతుంది. యాసిడ్ పని ప్లాస్టిక్ ట్రేలో, మట్టి నేల మీద.

ఉప్పు మూడో దారిలో కూడా వస్తుంది: బోరు నీళ్లు. చౌడు నేలల్లో బోరు నీళ్లు నాలుకకే ఉప్పగా తగులుతాయి. ఆ నీళ్లతో బకెట్టు కలపడం, చివర కడగడం రెండూ వద్దు. నాలుగో దారి మన చేతులే. శుభ్రం చేసిన సామాను మీద మరుసటి రోజు వేలిముద్రల ఆకారంలో ఎరుపు కనబడితే అది చెమటలోని ఉప్పు. మే నెలలో అనంతపురంలో చేతికి చెమట పట్టకుండా పని జరగదు, కాబట్టి తొడుగులు వేసుకోండి, బిడ్డకూ సైజు చూసి ఇవ్వండి.

ఉప్పులో వేసిన సామాను పారేయనక్కరలేదు. 20 లీటర్ల మంచి నీళ్లలో 100 గ్రాముల వాషింగ్ సోడా కలిపి, అదే కరెంటు పద్ధతిలో ఒక రోజు పెట్టండి. నీళ్లు పారబోసి కొత్త ద్రావణంలో ఇంకో రోజు. సోడా నీళ్లు, కరెంటు కలిసి గుంటల్లోని క్లోరైడును మెల్లగా బయటికి లాగుతాయి. తరువాత డిస్టిల్డ్ వాటరు, అంటే బ్యాటరీలో పోసే నీళ్లతో తడిపిన గుడ్డ చుట్టి రాత్రంతా ఉంచండి. పలచటి ఎరుపు అంతటా సమానంగా వస్తే అది మామూలు తడి తుప్పు, భయం లేదు. గుంటల దగ్గర మాత్రం నారింజ చుక్కలు ఊరి కనబడితే ఇంకా ఉప్పు ఉంది, మళ్లీ బకెట్టు.

వాషింగ్ సోడా బట్టల అంగడిలో కాదు, కిరాణా అంగడిలో బట్టలుతికే సోడా అని అడగండి. వంట సోడా కాదు. స్టీలు గిన్నెలు, స్టీలు స్పూన్లు కడ్డీకి బదులు పెట్టకండి. స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది, నీళ్లు పసుపుపచ్చగా అవుతాయి. పాత ఇనప సామాన్ల అంగడిలో కట్టడం కడ్డీ ముక్కలు కిలో లెక్కన దొరుకుతుంటే ఆ కక్కుర్తి ఎందుకు?

ఉప్పు వాడనివాళ్లకు కూడా తెల్లారేసరికి ఎర్రబడిందంటే కారణం ఒక్కటే: ప్రైమరు ఆలస్యం. బకెట్టు నుంచి తీసిన ఇనుము మీద నల్లటి పొడి ఉంటుంది. దాన్ని సబ్బు నీళ్లలో వైరు బ్రష్షుతో గీకి, చివరిసారి డిస్టిల్డ్ వాటరుతో కడిగి, తుడిచి, ఎండలో పావుగంట పెట్టండి. సామాను చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక థిన్నరు గుడ్డతో తుడిచి ప్రైమరు కొట్టాలి. కాలే ఇనుము మీద కొడితే ప్రైమరు పరుచుకోకముందే ఆరి బుడగలు మిగులుతాయి. ఇదంతా ఒకే పూటలో. పొద్దున్నే బయటికి తీసింది సాయంత్రానికి ప్రైమరులో ఉండాలి. రేపు కొడదాం అనుకునే సామాను బకెట్టులోనే ఉండనివ్వండి, అక్కడ దానికి ఏమీ కాదు.

ప్రైమరు విషయంలో మాకు ఇష్టం ఎపాక్సీ. ఇనప గేట్లకు కొట్టే రెడ్ ఆక్సైడు చవక, కానీ దాని మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నరు కలిపిన రంగు పడగానే ముడతలు లేచి ఊడుతుంది.

ఇప్పుడు ఫ్లోరు.

ఫియట్ 1100 డిలైట్ అన్నా పద్మిని అన్నా ఒళ్లు ఒకటే. లారీకి ఉన్నట్టు వేరే ఛాసిస్ ఉండదు, రేకుల బాడీయే బరువు మోస్తుంది. అందుకే ఫ్లోరు, తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు రేకు, రెండూ బండికి వెన్నెముక. ఒకేసారి రెండు పక్కలా రన్నింగ్ బోర్డు కోసేస్తే బాడీ మధ్యలో కుంగుతుంది, తలుపులు ఇక మూసుకోవు. కోసే ముందు తలుపు సందులో పైనుంచి కిందికి మూలగా ఒక ఇనప పట్టీ టాక్ వేయండి, అంటే చిన్న వెల్డింగు చుక్కలతో అంటించండి. తలుపు చుట్టూ ఖాళీ ఎంత ఉందో మిల్లీమీటర్లలో రాసుకోండి. రాసేది బిడ్డ, కొలిచేది మీరు.

సీట్లు, మ్యాట్లు తీశాక కింద తారు షీటు ఉంటుంది. మధ్యాహ్నం గీకితే బంకలా సాగి చేతికి, ఉలికి అంటుకుంటుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు ఉలి పెట్టి కొడితే పెంకులా లేస్తుంది. డిసెంబరు అయితే ఇంకా నయం. దాని కింద తడి పట్టిన చోటే తుప్పు ఉంటుంది. మన ఎండ ఊళ్లలో తుప్పు బండిని పైనుంచి కాదు, అడుగు నుంచి తినేస్తుంది, ఎందుకంటే ఎండ తగలని నీళ్లు అక్కడే నిలుస్తాయి.

చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టమని బిడ్డకు చెప్పండి. మంచి రేకు ఠంగుమంటుంది, తుప్పు తిన్నది డబ్‌మంటుంది. డబ్‌మన్న చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చాక్‌పీసుతో గుండ్రం గీయాలి. దిగితే ఎరుపు గుండ్రం, దిగకపోతే పసుపు. సందేహం వచ్చిన చోట కరక్కాయ కషాయం రాసి చూడండి. తుప్పు ఉంటే నల్లబడుతుంది. తుప్పు ఎక్కడుందో చెప్పడం వరకే దాని పని, ప్రైమరుకు బదులు కాదు.

కర్నూలు బండి కొన్నవాళ్లకు ఒక మాట. 2009 అక్టోబరు వరదలో మునిగిన బండ్లు ఇంకా చేతులు మారుతూ ఉన్నాయి. రన్నింగ్ బోర్డు కింద నీళ్లు కారే చిన్న బొక్కల్లో తీగ పెట్టి తిప్పండి. మెత్తటి ఒండ్రు రాలితే, పైన రేకు ఎంత బాగున్నా లోపల పోయిందనే అనుకోవాలి. అక్కడ పుట్టీ తట్టి రంగు కొట్టి అమ్మేస్తారు. అయస్కాంతానికి పలచటి కాగితం చుట్టి జరపండి, పట్టు వదిలిన చోట పుట్టీ ఉన్నట్టే.

పాత రంగులో సీసం ఉండొచ్చు. కాబట్టి పొడి గీకుడు బిడ్డ చేయకూడదు, మీరు చేసినా తడి ఇసుక కాగితంతో, మాస్కుతో చేయాలి. గ్రైండరుకు వైరు బ్రష్షు పెట్టినప్పుడు తీగలు విరిగి ఎగురుతాయి, అప్పుడు బిడ్డ అక్కడ ఉండకూడదు.

కోతకు ముందు బ్యాటరీ ఎర్తు తీసేయాలి, పెట్రోలు ట్యాంకు దింపి దూరంగా పెట్టాలి, ఫ్లోరు కింద పోయే బ్రేకు పైపు, పెట్రోలు పైపు, వెనక్కి పోయే వైర్లు పక్కకు కట్టాలి. ఛాసిస్ నంబరు చెక్కిన చోట గ్రైండరు పెట్టనే వద్దు. అక్కడ నూనె, ఇత్తడి బ్రష్షు, ఓపిక. ముందుగా కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటిన, అసలు రూపు మారని బండికి 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషను చేయించుకోవచ్చు. ఆ నంబరు చెరిగితే ఆ దారి మూసుకున్నట్టే.

ఎరుపు గుండ్రానికి 25 మిల్లీమీటర్లు అవతలికి, మెరిసే రేకు తగిలేదాకా కోయండి. మూలలు గుండ్రంగా ఉండాలి, సూటి మూలలో పగులు మొదలవుతుంది. పెళ్లిపత్రిక అట్టతో ఆకారం తీసి, 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఇనప షీటు మీద పెట్టి గీయండి. బండి కింద బరువు పడే చోట ఇంకా మందమైన 18 గేజి వాడాలి. జింకు పూసిన జీపీ షీటు వద్దు. వెల్డింగులో దాని మీది జింకు పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. ముక్కకు, ఫ్లోరుకు మధ్య మిల్లీమీటరు ఖాళీ వదలండి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుట్టేస్తే త్వరగా అవుతుంది నిజమే, కానీ ఆ మడత సందులో నీళ్లు నిలిచి మళ్లీ మొదటికొస్తుంది. తప్పక ఎక్కిస్తే 12 మిల్లీమీటర్లు మాత్రమే, పైనా కిందా సీలంటు.

మామూలు వెల్డింగు రాడ్డు ఈ రేకును బొక్క పెడుతుంది. సీఓటూ వెల్డింగు (కార్బన్ డయాక్సైడ్ గ్యాసు, తీగతో చేసేది), 0.8 మిల్లీమీటర్ల తీగ, తక్కువ కరెంటు. ఇంట్లో లేకపోతే ముక్కలన్నీ కోసి సరిచేసి, టింకరింగ్ మేస్త్రి దగ్గరికి తీసుకుపోండి. ముక్కలు సిద్ధంగా ఉంటే మేస్త్రి కూలి తగ్గుతుంది, మీ బిడ్డ కోసిన అట్టలే అక్కడ పని చేస్తాయి. టాక్‌లు 25 నుంచి 30 మిల్లీమీటర్లకు ఒకటి, ఈ చివరొకటి ఆ చివరొకటి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తరువాతిది. వరసగా లాగేస్తే రేకు అలలు తిరుగుతుంది, దాన్ని ఎవరూ సరిచేయలేరు.

ఇంటిపని. బండి మొత్తం ఫ్లోరును గళ్ల కాగితం మీద, ఒక గడి 5 సెంటీమీటర్లుగా, బిడ్డ గీయాలి. ప్రతి గుండ్రం రంగుతో, కొలతతో ఉండాలి. దానికి ఎదురుగా అట్ట ముక్కలన్నీ కోసి నంబరు వేసి పెట్టండి. పెద్దవాళ్లు ఈలోపు 20 గేజి ముక్కలు రెండేసి తీసుకుని ఎదురెదురుగా పెట్టి వెల్డింగు చేసి, వైసులో బిగించి కొట్టి చూడాలి. రేకు చిరిగి వెల్డింగు నిలిస్తే పనికొచ్చినట్టు. వెల్డింగు ఊడితే ఇంకో జత. వరసగా ఐదు జతలు నిలిచేదాకా బండి మీద ఒక్క కోత పెట్టొద్దు. ఆరో పాఠం ఆ గళ్ల కాగితం దగ్గర మొదలవుతుంది.