క్లిప్‌లెస్ పెడళ్లతో మౌంటెన్ బైక్: విడిపించుకోవడమే మొదటి పాఠం

క్లిప్‌లెస్ పెడల్ అన్న పేరు కొత్తవారిని తికమకపెడుతుంది, ఎందుకంటే షూను వదలకుండా పట్టి ఉంచేదే ఈ పెడల్. పూర్వం రేసు సైకిళ్లు తొక్కేవారు పాదాన్ని లోహపు పంజరంలో దూర్చి తోలుపట్టీతో బిగించుకునేవారు. ఆ పంజరాన్ని టో క్లిప్ అనేవారు. 1984లో ఫ్రాన్స్‌కు చెందిన లుక్ సంస్థ మంచు మీద జారే స్కీ బూట్ల బిగింపును పెడల్‌కు తెచ్చి ఆ పంజరాన్ని తొలగించింది; క్లిప్ పోయింది కనుక క్లిప్‌లెస్ అయింది. 1990లో జపాన్ సంస్థ షిమానో తెచ్చిన ఎస్పీడీ పద్ధతిలో క్లీట్ అనే చిన్న లోహపు ముక్క షూ అడుగున గుంటలో ఒదిగి ఉంటుంది కాబట్టి, సైకిల్ దిగి రాళ్ల మీద నడవడానికి అడ్డు రాదు. కొండదారుల్లో తొక్కేవారికి ఇదే తగినది.

ఈ పెడళ్లలో పాదాన్ని బిగించడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. రావలసింది విడిపించుకోవడం. భయం వేసినప్పుడు, మామూలు పెడల్ మీద అలవాటైన కాలు పైకి లేవాలని చూస్తుంది. సాధారణ క్లీట్‌తో ఎస్పీడీ పెడల్ మాత్రం మడమను బయటికి, అంటే సైకిల్‌కు దూరంగా, తిప్పితేనే వదులుతుంది. కాలికి ఈ కొత్త కదలిక ఆలోచన అవసరం లేకుండా వచ్చే దాకా రాళ్లున్న దారికి వెళ్లకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అలాగే బ్రేకు, గేర్లు, మలుపు, వాలు దిగేటప్పుడు నిలబడే తీరు ముందుగా మామూలు పెడళ్ల మీదే బాగా వచ్చి ఉండాలి.

పెడళ్లు బిగించేటప్పుడు, ఎడమ పెడల్ మర మామూలు మరకు ఎదురు దిశలో తిరుగుతుందని మరవవద్దు. స్పానర్ పిడిని పైకి నిలబెట్టి ముందు చక్రం వైపు తిప్పితే రెండు పెడళ్లూ బిగుస్తాయి, వెనక్కి తిప్పితే వదులవుతాయి. క్లీట్‌ను బొటనవేలి మొదట ఉబ్బెత్తుగా ఉండే ఎముక కిందికి, లేదా దానికి కొంచెం వెనక్కి, వచ్చేలా అమర్చండి. బల్ల అంచున కూర్చుని కాళ్లను వేలాడదీస్తే మీ పాదాలు సహజంగా ఎటు చూస్తున్నాయో తెలుస్తుంది. పెడల్ మీద కూడా పాదం అటే చూసేలా క్లీట్ కోణం ఉండాలి. ఈ పని తొందరపడి చేస్తే తర్వాత మోకాలు చెబుతుంది. క్లీట్ బోల్టులను 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీతో (ఆరు పలకల కీ) 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) వరకు బిగించాలి. కొత్తవారు షిమానో ఎస్‌హెచ్56 క్లీట్ వాడితే మేలు, అది ఒక్క పక్కకే కాక మరిన్ని దిశల్లో వదులుతుంది. చివరిగా, పెడల్ స్ప్రింగు బిగువును తగ్గించే స్క్రూను రెండు పెడళ్లకూ, రెండు ముఖాలకూ అన్నిటికన్నా తక్కువ బిగువుకు తెచ్చి, నాలుగు చోట్లా సమానంగా ఉందో లేదో చూసుకోండి.

మొదటి సాధన గోడ పక్కన. ఒక చేయి గోడకు ఆనించి సీటు మీద కూర్చోండి. క్లీట్ ముక్కును పెడల్ ముందు కొక్కెంలోకి జార్చి, మడమను కిందికి నొక్కితే టక్కుమని శబ్దం వస్తుంది, అరికాలికి కూడా ఆ పట్టు తెలుస్తుంది. ఆ తర్వాత మడమను బయటికి తిప్పండి. ఒక్కో కాలితో కనీసం యాభై సార్లు ఇలా చేయాలి. విడిపించుకునే పాదం కిందికి చేరి, కాలు దాదాపు చాచి ఉన్నప్పుడు తిప్పడం చాలా సులువు.

తర్వాత మెత్తటి గడ్డి మైదానానికి వెళ్లండి. ఒక కాలు మాత్రమే బిగించి కాసేపు తొక్కి, తర్వాత రెండూ బిగించండి. రెండో పాదం పెడల్‌ను వెతుక్కోలేకపోతే కిందికి చూడకుండా షూ మధ్య భాగంతోనే నాలుగు చుట్లు తొక్కండి, వేగం వచ్చాక అది దానంతట అదే దొరుకుతుంది. నేల మీద ఒక చెప్పు పెట్టి, దానికి పది మీటర్ల ముందే గేరు తగ్గించి, కాలు విడిపించి, ఆ తర్వాతే బ్రేకు నొక్కి దాని పక్కన ఆగడం సాధన చేయండి. ఈ వరుస తప్పితే, సైకిల్ ఆగిపోయిన ఆ ఒక్క క్షణంలో బిగించి ఉన్న కాలి వైపు పడిపోతారు. అందుకే విడిపించిన కాలి వైపుకే బరువు మోపాలి. రోడ్డు మీద సాధారణంగా ఎడమ కాలు దించుతాం. కొండదారిలో మాత్రం లోయ వైపు కాక కొండ వైపు ఉన్న కాలు దించాలి కాబట్టి రెండు కాళ్లకూ సమానంగా అలవాటు కావాలి.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లాంటి చోట మొదటిసారి వెళ్లేటప్పుడు, బాగా తెలిసిన, ఎక్కువ నిటారు కాని దారిని ఎంచుకోండి. ఎక్కుడులో వేగం తగ్గి, తొక్కలేమన్న అనుమానం రాగానే కాలు విడిపించండి. చివరి తొక్కుడు దాకా ఆగితే ఆ కాలు తిప్పడానికి బలం మిగలదు. నల్లరేగడి తడిసిన రోజుల్లో షూ అడుగున మట్టి దట్టంగా పట్టి క్లీట్ పెడల్‌లో పడదు. అప్పుడు ఆగి పుల్లతో గుంటను శుభ్రం చేయాలి, బలంగా తొక్కి నొక్కకూడదు.

ఒకసారి నా కుడి క్లీట్ బోల్టు ఒకటి ఊడిపోయిన సంగతి నేను గమనించలేదు. ఆగబోతూ మడమ తిప్పితే షూ తిరిగింది కానీ, క్లీట్ పెడల్‌లోనే ఉండిపోయింది. అదృష్టవశాత్తూ ఎడమ కాలు విడిపించి నిలబడగలిగాను. కుడి షూ పట్టీలు విప్పి పాదాన్ని బయటికి తీసుకుని, పెడల్‌కు అంటుకున్న షూను చేత్తో ఊడదీయాల్సి వచ్చింది. అప్పటి నుంచి కొత్త క్లీట్లు వేసిన మొదటి రెండు ప్రయాణాల తర్వాతా, ఆపైన నెలకొకసారీ ఆలెన్ కీతో బోల్టులు సరిచూస్తున్నాను. మీరు కూడా ఆ కీని సైకిల్ సంచిలోనే ఉంచండి.