మీ కంప్యూటర్ డెస్క్‌టాప్‌ను మీకు నచ్చినట్టు మార్చుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ కొన్నప్పుడు కంపెనీవాళ్లు పెట్టిచ్చిన బొమ్మతోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ బొమ్మ మీద ఎప్పటివో స్క్రీన్‌షాట్లు, ఆధార్ పీడీఎఫ్, రెజ్యూమే ఫైనల్, రెజ్యూమే ఫైనల్ 2, రెజ్యూమే అసలు ఫైనల్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్లముందు ఉండే స్క్రీన్ కదా, ఒక అరగంట కూర్చుంటే పైసా ఖర్చు లేకుండా దాన్ని మన ఇష్టానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. నేను చెప్పేవన్నీ విండోస్ 11కి. విండోస్ 10లోనూ చాలావరకు ఇవే ఉంటాయి, కాకపోతే కొన్ని ఆప్షన్లు వేరే చోట కనిపిస్తాయి.

ముందు సర్దండి, తర్వాతే అలంకరణ

ఎంత మంచి వాల్‌పేపర్ పెట్టినా దాని మీద యాభై ఐకాన్లు ఉంటే ఏం లాభం? అందుకే మొదటి పని ఇదే. ఐకాన్ కింద ఎడమ మూలలో చిన్న బాణం గుర్తు ఉంటే అది షార్ట్‌కట్, దాన్ని డిలీట్ చేసినా అసలు ప్రోగ్రామ్‌కి ఏమీ కాదు, కాబట్టి టెన్షన్ పడకుండా తీసేయండి. బాణం లేనివి మాత్రం చాలావరకు నిజమైన ఫైళ్లే, వాటితో జాగ్రత్త. ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'న్యూ', 'ఫోల్డర్' నొక్కి ఓ మూడు నాలుగు ఫోల్డర్లు చేసుకుని ఆ ఫైళ్లన్నీ వాటిలోకి లాగేయండి.

ఫోల్డర్ల పేర్లు తెలుగులోనే పెట్టుకోవచ్చు: బ్యాంకు, పిల్లల చదువు, ఊరి ఫోటోలు. సెట్టింగ్స్‌లో 'టైమ్ అండ్ లాంగ్వేజ్', అందులో 'లాంగ్వేజ్ అండ్ రీజియన్' తెరిచి తెలుగును జోడించండి. కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్ ఎంచుకుంటే ఇంగ్లీష్ అక్షరాలతో కొట్టినా తెలుగులో పడుతుంది, విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఒక భాష నుంచి ఇంకో భాషకు మారుతుంది. తెలుగు పేర్లున్న డెస్క్‌టాప్ చూడటానికి ఎంత మనదిలా అనిపిస్తుందో ఒకసారి చేసి చూడండి.

మళ్లీ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'వ్యూ'లోకి వెళ్తే 'ఆటో అరేంజ్ ఐకాన్స్' ఉంటుంది. అది తీసేస్తే ఐకాన్లను మీకు కావలసిన చోట పెట్టుకోవచ్చు, 'అలైన్ ఐకాన్స్ టు గ్రిడ్' ఉంచితే అవి వంకరటింకరగా కాకుండా వరసలో నిలబడతాయి. సైజు మార్చాలంటే కంట్రోల్ కీ నొక్కి పట్టుకుని మౌస్ చక్రం తిప్పితే చాలు.

ఇప్పుడు అసలు విషయం, వాల్‌పేపర్

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్, 'పర్సనలైజ్', 'బ్యాక్‌గ్రౌండ్'. ఇక్కడ ఒకే ఫోటో పెట్టుకోవచ్చు, ఒకే రంగు పెట్టుకోవచ్చు, ఫోల్డర్‌లోని ఫోటోలు వరసగా మారేలా స్లైడ్‌షో పెట్టుకోవచ్చు, లేదంటే 'విండోస్ స్పాట్‌లైట్' ఎంచుకుంటే అదే కొత్త కొత్త ఫోటోలు తెచ్చి పెడుతుంది. నా మాట వింటే మాత్రం మీరు తీసిన ఫోటోనే పెట్టండి. ఎక్కడిదో తెలియని మంచు కొండ కంటే మీ ఊరి చెరువు గట్టు మేలు.

అయితే ఫోన్‌లో తీసిన ఫోటోను ఉన్నది ఉన్నట్టు పెడితే ఒక చిక్కు వస్తుంది. ఫోన్ ఫోటోలు ఎక్కువగా 4:3 కొలతలో ఉంటాయి, ఉదాహరణకు 4000 × 3000 పిక్సెల్స్. చాలా ల్యాప్‌టాప్ స్క్రీన్లు 16:9, అంటే 1920 × 1080 లాంటివి. 'బ్యాక్‌గ్రౌండ్'లోనే ఫోటోతో స్క్రీన్ మొత్తం నింపే 'ఫిల్' అనే ఆప్షన్ పెట్టినప్పుడు 4000 వెడల్పుకు 2250 ఎత్తే సరిపోతుంది కాబట్టి మిగతా 750 పిక్సెల్స్, అంటే ఫోటో ఎత్తులో పావు వంతు, కనిపించకుండా పోతుంది. నిలబడి దిగిన ఫోటోల్లో తలలో కాళ్లో కట్ అయిపోయేది ఇందుకే. 'స్ట్రెచ్' పెడితే ఏదీ పోదు గానీ మనుషులు అడ్డంగా సాగిపోతారు, అది అస్సలు వద్దు. మంచి దారి ఏమిటంటే ఫోటోను 'ఫోటోస్' యాప్‌లో తెరిచి, ఎడిట్ నొక్కి, క్రాప్‌లో 16:9 ఎంచుకుని, ఏది ఉండాలో ఏది పోవాలో మీరే చూసుకుని కాపీగా సేవ్ చేసుకోవడం. ఇంకోటి, ఫోన్ నుంచి ఫోటోను వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే క్వాలిటీ తగ్గిపోయి పెద్ద స్క్రీన్ మీద మసకగా కనిపిస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా కేబుల్ పెట్టి కాపీ చేసుకోండి.

ఏ ఫోటో బాగుంటుంది? ఐకాన్లు మామూలుగా ఎడమవైపు పైనుంచి పేరుకుంటాయి, వాటి పేర్లు తెల్ల అక్షరాల్లో ఉంటాయి. అందుకని ఎడమవైపు ఖాళీగా, కొంచెం ముదురు రంగులో ఉన్న ఫోటో చూసుకోండి. పాపికొండల దగ్గర లాంచీలోంచి తీసిన ఫోటో ఉందనుకోండి, ఎడమవైపు అంతా గోదావరి నీళ్లు, కుడివైపు కొండ, అంతకంటే ఇంకేం కావాలి! అదే సంక్రాంతి ముగ్గును దగ్గరగా తీసిన ఫోటో అయితే గీతల మధ్య ఫైళ్ల పేర్లు వెతుక్కోవాల్సి వస్తుంది. విండోస్ ఎక్స్‌పీలో పచ్చని గుట్ట, నీలాకాశం ఉన్న ఫోటో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చార్లెస్ ఓరియర్ అనే ఫోటోగ్రాఫర్ 1996లో కాలిఫోర్నియాలోని సోనోమా కౌంటీలో తీసింది. గడ్డి, ఆకాశం, మబ్బులు తప్ప అందులో కంటికి అడ్డొచ్చే వస్తువు ఒక్కటీ లేదు, డెస్క్‌టాప్‌కి అలాంటిదే కావాలి.

మరి ముగ్గు, పెళ్లి గ్రూప్ ఫోటో, పిల్లల పుట్టినరోజు ఫోటో ఏం చేయాలి అంటే, లాగిన్ అవ్వకముందు కనిపించే లాక్ స్క్రీన్‌కి పెట్టండి. అక్కడ ఐకాన్లు ఉండవు. పైన మధ్యలో గడియారం వస్తుంది కాబట్టి ఆ చోట ముఖాలు పడకుండా చూసుకుంటే సరి.

రంగులు, టాస్క్‌బార్

'పర్సనలైజేషన్'లో 'కలర్స్' తెరిస్తే లైట్, డార్క్, కస్టమ్ అని మూడు ఉంటాయి. రాత్రిళ్లు లైటు తక్కువగా ఉన్న గదిలో పనిచేసేవాళ్లకు డార్క్ హాయిగా ఉంటుంది. 'యాక్సెంట్ కలర్' ఆటోమేటిక్ పెడితే వాల్‌పేపర్‌లోంచే ఒక రంగు తీసుకుంటుంది, రెండూ చక్కగా కలిసిపోతాయి. ఆ రంగు టాస్క్‌బార్ మీద, అంటే స్క్రీన్ అడుగున స్టార్ట్ బటన్ ఉండే పట్టీ మీద, రావాలంటే లైట్ మోడ్‌లో కుదరదు, డార్క్ గానీ కస్టమ్ గానీ పెట్టాలి.

స్టార్ట్ బటన్ మధ్యలో ఉండటం నచ్చకపోతే 'టాస్క్‌బార్', 'టాస్క్‌బార్ బిహేవియర్స్'లో అలైన్‌మెంట్‌ను లెఫ్ట్‌కి మార్చండి. సెర్చ్ బాక్స్, విడ్జెట్స్ అక్కడే ఆపేయొచ్చు. వాడని యాప్‌లను రైట్ క్లిక్ చేసి అన్‌పిన్ చేయండి.

అంతా కుదిరాక 'థీమ్స్'లోకి వెళ్లి సేవ్ నొక్కి ఒక పేరు పెట్టండి. రేపు పండక్కి ఇంకోలా మార్చినా ఒక్క క్లిక్‌తో మళ్లీ దీనికి వచ్చేయొచ్చు.

అమ్మకో నాన్నకో సర్దిపెడుతున్నారా? అయితే అందం కంటే ముందు సెట్టింగ్స్‌లో 'యాక్సెసిబిలిటీ' తెరవండి. 'టెక్స్ట్ సైజ్' 225 శాతం దాకా పెంచుకోవచ్చు, మౌస్ బాణాన్ని పెద్దది చేసి ముదురు రంగు ఇవ్వొచ్చు. కళ్లజోడు వెతుక్కోకుండా చదవగలిగితే వాళ్లే కంప్యూటర్ దగ్గరికి వస్తారు.

కొన్ని జాగ్రత్తలు

ఫ్రీ థీమ్స్ పేరుతో ఏవేవో సైట్లు ఇచ్చే సెటప్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేయొద్దు, వాటితో వైరస్‌లు రావొచ్చు. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే ఉచిత థీమ్స్ బోలెడున్నాయి. కదిలే వాల్‌పేపర్లు కావాలంటే లైవ్‌లీ వాల్‌పేపర్ అనే ఉచిత యాప్ ఉంది, పాత ల్యాప్‌టాప్‌లో మాత్రం బ్యాటరీ తినేస్తుంది, కాబట్టి ఆలోచించి పెట్టుకోండి.

పర్సనలైజ్ ఆప్షన్లు నొక్కినా పనిచేయట్లేదంటే విండోస్ యాక్టివేట్ అయి ఉండకపోవచ్చు, సెట్టింగ్స్‌లో 'సిస్టమ్', 'యాక్టివేషన్' తెరిచి చూడండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీవాళ్లు లాక్ చేసి ఉండొచ్చు, వాళ్లను అడగడం తప్ప వేరే దారి వెతక్కండి. వాళ్లు ఒప్పుకున్నా మీటింగులో స్క్రీన్ షేర్ చేసినప్పుడు అందరికీ కనిపించేది ఆ డెస్క్‌టాపే కాబట్టి, ఇంట్లోవాళ్ల ఫోటోలు సొంత కంప్యూటర్‌కే ఉంచి ఆఫీసుదానికి ఏ గోదారి ఫోటోనో పెట్టుకోండి.