రాగి రంగు వచ్చాక ఆగిపోండి: ఇంట్లో జుట్టు రంగు తగ్గించుకునే వారికి

మన నల్లటి జుట్టుకు బ్లీచ్ పౌడర్ పట్టిస్తే అది నేరుగా బంగారు రంగులోకి మారదు. ముందు ముదురు గోధుమ రంగు వస్తుంది, తరువాత ఎరుపు, ఆ తరువాత రాగి, నారింజ, చిట్టచివర పసుపు. ఈ వరుస ఎవరి జుట్టుకైనా తప్పదు. విజయవాడలో చిన్న బ్యూటీ పార్లర్ నడుపుతూ, ఇంట్లో బ్లీచ్ చేసుకుని జుట్టు తెగిపోయి ఏడుస్తూ వచ్చిన అమ్మాయిలను చూస్తూనే ఉన్నాను. దాదాపు అందరిదీ ఒకటే కథ: రాగి రంగు బాగానే వచ్చింది, ఇంకాస్త ఆగితే పసుపు వస్తుందని ఆగారు. అందుకే ముందుగానే చెబుతున్నాను. ఇంట్లో చేసుకునేవారు రాగి రంగు కనిపించగానే కడిగేయండి. నల్లటి కళ్లకు, మన చాయకు ఆ రంగు చాలా అందంగా ఉంటుంది కూడా.

తల మొత్తానికీ పట్టించవద్దు. జడలో కింది సగానికో, ముఖానికి ఇరుపక్కలా రెండు పాయలకో సరిపెట్టుకోండి. మాడు వేడికి కుదుళ్ల దగ్గర మందు త్వరగా పనిచేసి అక్కడ ఒక రంగు, కొసల్లో ఒక రంగు తేలుతుంది. పైగా మాడుకు తగిలితే మంట, పుండ్లు. కుదుళ్ల దాకా వెళ్లాలంటే అనుభవం ఉన్న మనిషి చేతిలో పెట్టండి.

పౌడర్ కొనేముందు మీ జుట్టుకు ఇప్పటిదాకా ఏమేం పెట్టారో గుర్తు చేసుకోండి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అంటే నడుము దాకా ఉన్న జడ కొసల వయసు అయిదారేళ్లు. మూడేళ్ల కిందట అక్క పెళ్లికి చేయించిన స్ట్రెయిటెనింగ్ ఇంకా ఆ జడలోనే ఉంది. రీబాండింగ్, స్ట్రెయిటెనింగ్ చేయించిన జుట్టుకు పౌడర్ అసలు వద్దు. ఆ మందులకే వెంట్రుక లోపలి బంధాలు ఒకసారి తెగి ఉంటాయి, మళ్లీ తట్టుకోలేదు.

గోరింటాకు సంగతి వేరు. స్వచ్ఛమైన ఆకు పొడి వాడిన జుట్టుకు ప్రమాదం లేదు కానీ, దాని ఎరుపు వెంట్రుకలోకి పట్టుకుని మొండిగా ఉండిపోతుంది. గోరింటాకు మీద నీలి ఆకు పొడి కూడా వాడి ఉంటే పచ్చటి ఛాయ తేలవచ్చు. అసలు భయం హెన్నా పేరుతో అమ్మే రంగు ప్యాకెట్లతో. వాటిలో కొన్నింటిలో లోహ లవణాలు ఉంటాయి. అవి బ్లీచ్ పౌడర్‌లో కలిపే డెవలపర్ క్రీముతో కలిస్తే జుట్టు వేడెక్కి, పొగలు వచ్చి, అక్కడికక్కడే తెగిపోవచ్చు. ప్యాకెట్ మీద ఏముందో తెలియకపోతే అనుమానించడమే మేలు.

షాపులో జుట్టు కోసం తయారైన బ్లీచ్ పౌడర్ అని స్పష్టంగా అడగండి. పదార్థాల జాబితాలో పొటాషియం పర్‌సల్ఫేట్, అమ్మోనియం పర్‌సల్ఫేట్ వంటి పేర్లు ఉంటాయి. ముఖానికి వాడే బ్లీచ్ డబ్బా దీనికి పనికిరాదు. కాలువల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడర్ పూర్తిగా వేరే రసాయనం, దాన్ని ఒంటికి తగలనివ్వకూడదు.

డెవలపర్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న క్రీము. సీసా మీద 10, 20, 30, 40 వాల్యూమ్ అని ఉంటుంది. అంటే వరుసగా 3, 6, 9, 12 శాతం పెరాక్సైడ్. ఇంటికి 20 చాలు. 40తో పని త్వరగా అవుతుందని షాపువాళ్లు చెబుతారు. జుట్టు పాడయ్యేదీ అంతే త్వరగా. ఆస్తమా ఉన్నవారు ఈ పౌడర్ జోలికి పోవద్దు, పర్‌సల్ఫేట్ ధూళికి ఊపిరి ఆడని పరిస్థితి రావచ్చు. మిగతావారు 48 గంటల ముందు ప్యాకెట్‌లో చెప్పిన విధంగా చర్మం మీద పరీక్ష చేసుకోవాలి. దద్దురు, వాపు కనిపిస్తే ఆ ప్యాకెట్ పక్కన పడేయండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, అందరూ దాటేసేది: పాయ పరీక్ష. మెడ వెనక, లోపలి వరుసలో అగ్గిపుల్ల మందాన ఒక పాయను కత్తిరించి, ఒక చివర దారంతో కట్టండి. ప్లాస్టిక్ గిన్నెలో ఒక చెంచా పౌడర్‌కు రెండు చెంచాల డెవలపర్ కలిపి దానికి పట్టించండి. గిన్నె వేడెక్కినా, మిశ్రమం బుసబుస పొంగినా లోహ లవణాలు ఉన్నట్టే, ఆ జుట్టుకు ఈ పని వద్దు. అలా జరగకపోతే అయిదు నిమిషాలకోసారి తడి దూదితో ఒకచోట తుడిచి రంగు చూడండి. పూత కింద, తడిలో జుట్టు నిజమైన రంగు కనిపించదు. రాగి వచ్చిందనిపించినప్పుడు కడిగి, ఆరబెట్టి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడండి. పట్టిన సమయం కాగితం మీద రాసుకోండి. ఆ రోజు మీరు నమ్మవలసిన అంకె అదే. ప్యాకెట్ మీద ఉన్న గరిష్ఠ సమయాన్ని మాత్రం ఎప్పుడూ దాటవద్దు.

అసలు రోజున తలంటు పోసుకోకండి. మాడు మీద ఉండే సహజమైన నూనె కొంత రక్షణ. కిటికీలు తెరిచి, పాత చీర భుజాల మీద కప్పుకుని, చేతి తొడుగులు వేసుకోండి. స్టీలు గిన్నెలు, స్టీలు చెంచాలు వద్దు. పౌడర్ ఎగిరి ముక్కులోకి పోకుండా నెమ్మదిగా వేసి, ప్యాకెట్‌లో చెప్పిన పాళ్లలో, సాధారణంగా ఒకటికి రెండు, చిక్కటి పెరుగులా కలపండి. జడ కింది సగానికి 30 గ్రాముల పౌడర్, 60 మిల్లీలీటర్ల డెవలపర్‌తో మొదలుపెట్టవచ్చు, ఒత్తైన జుట్టుకు ఇంకా కావాలి. సన్నటి పాయలు తీసుకుని, రెండు వైపులా మునిగేలా పూయండి. పలుచగా పూస్తే ఎండిపోతుంది, ఎండిన చోట పని ఆగి మచ్చలు పడతాయి. మిగిలిన మిశ్రమాన్ని మూత బిగించి దాచకండి. లోపల ఆక్సిజన్ తయారవుతూ ఉంటుంది, డబ్బా పేలవచ్చు. కళ్లలో పడితే పావుగంటసేపు నీళ్లతో కడుగుతూ ఉండి, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మంట ఎక్కువైతే గడియారం చూడవద్దు, కడిగేయండి. బకెట్‌కు ఎర్రటి చార పడే బోరు నీళ్లు ఉన్న ఇళ్లలో ఇనుము ఎక్కువ. చివరి కడుగుకు రెండు బిందెల ఫిల్టర్ నీళ్లు పక్కన పెట్టుకోండి. జిడ్డు జారేదాకా చల్లటి నీళ్లతో కడిగి, తేలికపాటి షాంపూ, తరువాత కండిషనర్ వాడండి.

నారింజ మరీ ఎక్కువగా కనిపిస్తే నీలం టోనర్, అంటే బ్లీచ్ తరువాత ఛాయను సరిచేసే రంగు మందు, కావాలి. అందరూ కొనే ఊదా షాంపూ పసుపును తగ్గిస్తుంది, నారింజను కాదు. ఆ తరువాత కొన్ని వారాలపాటు కుంకుడుకాయ, స్ట్రెయిటెనర్ రెండూ పక్కన పెట్టండి. కుంకుడుతో బ్లీచ్ చేసిన జుట్టు చిక్కులు పడి తెగుతుంది. తలంటుకు ముందు కొబ్బరినూనె రాసుకోండి, అది వెంట్రుక లోపలికి ఇంకి ప్రొటీన్ నష్టాన్ని తగ్గిస్తుంది.

ఇంకొంచెం లేత రంగు కావాలనిపిస్తే కనీసం నెల ఆగి, ఒక తడి వెంట్రుకను రెండు వేళ్ల మధ్య సాగదీసి చూడండి. కాస్త సాగి మళ్లీ వెనక్కి వస్తే ఇంకో పాయ పరీక్ష చేసుకోవచ్చు. సాగి అలాగే ఉండిపోయినా, తెగినా ఆ జుట్టుకు ఇక పౌడర్ వద్దు, కొసలు కత్తిరించుకోండి.