వెంచురీ మళ్లీ గాలి పీల్చింది

అనంతపురంలోని మా బోరు నీటిలో ఇనుము ఎక్కువ. ఆ ఇనుమును ఫిల్టరు పట్టేలా తుప్పుగా మార్చే ఓజోన్ వాయువు యంత్రం ఉన్నా ఈమధ్య బకెట్లు మళ్లీ ఎర్రబారాయి. మెకానిక్ యంత్రమే మార్చాలన్నాడు, నమ్మబుద్ధి కాలేదు.

ఓజోన్ స్విచ్చి ఆపి, పంపు నడుస్తుండగా గాలి గొట్టం చివర వేలు పెట్టాను. లాగడం లేదు. ఆ గాలిని నీటిలోకి పీల్చేది వెంచురీ, అంటే నడుమ సన్నబడే గొట్టం ముక్క. అది పీల్చాలంటే లోపలికి వచ్చే నీటి ఒత్తిడి, బయటికి పోయేదానికంటే బాగా ఎక్కువ ఉండాలి. తరువాతి ఫిల్టరు పూడిపోయి ఆ తేడాను మింగేసింది. దాన్ని కడిగాను. వెంచురీ సన్నని గొంతులో పేరుకున్న సున్నపు పొర నిమ్మ ఉప్పు నీటిలో నానితే వదిలింది. నీరు యంత్రంలోకి ఎగదన్నకుండా ఆపే చిన్న వాల్వు బిగుసుకుపోయింది, కొత్తది వేశాను.

పీల్పు వచ్చాక గాలిని పూర్తిగా వదలాలనిపిస్తుంది. వద్దు, గాలి ఎక్కువైతే ఓజోన్ పలచబడుతుంది. యంత్రం మీద రాసిన కొలత దగ్గరే ఆపాను.