కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు: ఇంట్లోనే స్ట్రెంత్ ట్రైనింగ్ మొదలుపెట్టడం ఎలా

పోయిన శ్రావణమాసంలో పూజ అయ్యాక మా అమ్మ కింద నుంచి లేవలేకపోయింది. పడలేదు, దెబ్బ తగల్లేదు, కాళ్లు లేవట్లేదు అంతే, నేనూ మా ఆయనా చెరో చెయ్యి పట్టి లేపాం. రోజూ పొద్దున్నే 40 నిమిషాలు వాకింగ్ చేసే మనిషి తను. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే మోకాళ్లు మరీ అంత అరగలేదు, తొడల్లో కండ తగ్గిపోయింది, వాటికి పని చెప్పండి అన్నారు. ఆ రోజు నుంచి అమ్మా నేనూ కలిసి స్ట్రెంత్ ట్రైనింగ్, అంటే కండలకి బలం తెచ్చే వ్యాయామాలు, మొదలుపెట్టాం. ఇద్దరు పిల్లలు, ఆఫీసు, వంట అన్నీ ఉన్న ఇంట్లో ఇది ఎలా కుదిరిందో రాస్తున్నా, ఎవరికైనా పనికొస్తుందని.

ముందు ఒక మాట. వాకింగ్ మంచిదే, గుండెకీ షుగర్‌కీ చాలా మంచిది, మానొద్దు. కానీ వాకింగ్‌లో చేతులకీ భుజాలకీ వీపుకీ దాదాపు పనే ఉండదు, తొడలకి కూడా రోజూ అదే బరువు, పెరిగేది లేదు. ముప్పై, నలభై దాటాక ఏ పనీ చెప్పకపోతే కండ కొంచెం కొంచెంగా కరిగిపోతూనే ఉంటుంది, మనకి తెలీదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో కూడా వారానికి 150 నిమిషాల నడక లాంటి వ్యాయామంతో పాటు కనీసం 2 రోజులు కండలకి పని ఉండాలని విడిగా చెప్పింది. మనం మొదటిది పట్టుకుని రెండోది వదిలేస్తున్నాం.

ఇంక టైమ్ సంగతి. రోజూ గంట కేటాయిస్తా అనుకుంటే జరగదండి, నేను మూడుసార్లు అలా మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశా. ఎలాగూ రోజూ జరిగే పనికి దీన్ని ముడేస్తేనే నిలబడింది. కుక్కర్ పెట్టాక విజిల్స్ వచ్చేదాకా వంటింట్లో నిలబడే ఉంటాం కదా, ఆ పది నిమిషాలు నావి. అమ్మకైతే సాయంత్రం సీరియల్ మధ్యలో యాడ్స్. మీకు గీజర్ వేసి నీళ్లు కాగేదాకా కావొచ్చు, పిల్లల స్కూల్ బస్సు వెళ్లాక కావొచ్చు. ఏదైనా ఒకటే పట్టుకోండి, రోజుకో టైమ్ మార్చొద్దు. రోజులు కూడా ఫిక్స్ చేసుకోండి. మా ఇంట్లో మంగళ, శుక్రవారాలు తలస్నానాలు పూజలు ఉంటాయి కాబట్టి సోమ, గురువారాలు పెట్టుకున్నాం, వీలైతే శనివారం కూడా.

ఏం చెయ్యాలంటే, కూర్చుని లేవడం, తొయ్యడం, లాగడం, కింద నుంచి ఎత్తడం, మొయ్యడం. ఈ ఐదు కదలికలు ఉంటే ఒళ్లంతా కవర్ అయిపోతుంది.

కూర్చుని లేవడం అంటే గుంజీళ్లే, వినాయకుడి ముందు తీసేవి. చెవులు పట్టుకోనక్కర్లేదు. మొదట్లో డైనింగ్ కుర్చీ మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవండి, అంతే. అదీ కష్టంగా ఉంటే కుర్చీలో రెండు దిండ్లు వేసి ఎత్తు పెంచుకోండి, రెండు వారాలకి ఒక దిండు తీసెయ్యండి. అమ్మ అలాగే మొదలుపెట్టింది. కుర్చీ మాత్రం గోడకి ఆనించి ఉండాలి, ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది.

తొయ్యడం అంటే దండీలు. నేల మీద దండీ మొదటి రోజే చాలామందికి రాదు, దాంతో నిరాశపడి మానేస్తారు. ముందు గోడకి చేతులు పెట్టి చెయ్యండి, అది 15 తేలిగ్గా వస్తుంటే స్టవ్ గట్టు అంచు పట్టుకుని, తర్వాత మంచం పట్టీ మీద, ఆ తర్వాతే నేల. నాకు గోడ నుంచి నేలకి రావడానికి ఐదు నెలలు పట్టింది.

లాగడం గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఇది మన ఇళ్లల్లోంచి పూర్తిగా పోయింది. మా అమ్మమ్మ బావిలో చేదేసి నీళ్లు తోడేది, రోజుకి ఎన్ని బిందెలో, ఆ వీపు డెబ్భై ఏళ్లకి కూడా నిటారుగా ఉండేది. ఇప్పుడు మోటర్ స్విచ్ వేస్తాం. రోజంతా ల్యాప్‌టాప్ ముందు, ఫోన్ ముందు భుజాలు ముందుకి వంగిపోయి ఉంటాం, వెనక్కి లాగే పని ఒక్కటీ లేదు. అందుకే మెడ నొప్పులు, రెక్కల మధ్య పట్టెయ్యడాలు చాలామందికి. దీనికి పిల్లల పాత స్కూల్ బ్యాగ్ చాలు. ఒక చెయ్యి మంచం మీద ఆనించి, నడుము దగ్గర వంగి, వీపు తిన్నగా ఉంచి, రెండో చేత్తో బ్యాగ్ పట్టుకుని మోచెయ్యి పక్కటెముకల పక్క నుంచి వెనక్కి వెళ్లేలా పైకి లాగండి, మెల్లగా దించండి. ఒక్కో చేతికి పది.

ఆ బ్యాగ్‌లో ఏం పెట్టాలంటే కిలో కందిపప్పు ప్యాకెట్లు. డంబెల్స్ కొనక్కర్లేదు, ప్యాకెట్ మీద బరువు రాసే ఉంటుంది కదా. రెండు ప్యాకెట్లతో మొదలుపెట్టి, 12 సార్లు తేలిగ్గా వస్తుంటే ఇంకోటి వెయ్యండి. అసలు కిటుకంతా ఇదే. ఏడాది పొడుగునా రెండు కిలోలే ఎత్తితే ఒళ్లు దానికి అలవాటుపడి అక్కడే ఆగిపోతుంది. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి, కానీ ఒళ్లు వంకర్లు పోకూడదు. 8 నుంచి 12 సార్లు చేసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి మళ్లీ చెయ్యాలి, అలా రెండు విడతలు చాలు మొదట్లో.

కింద నుంచి ఎత్తడం కూడా అదే బ్యాగ్‌తో. మోకాళ్లు కొద్దిగా వంచి, పిర్రలు వెనక్కి తోసి, బరువు కాళ్లకి దగ్గరగా ఉంచుకుని లేవాలి, వీపు గూనిలా వంగకూడదు. నీళ్ల క్యాన్‌తో మాత్రం దీన్ని మొదలుపెట్టొద్దు దయచేసి, 20 లీటర్లంటే 20 కిలోల పైనే. మొయ్యడం అంటే, కూరల సంచులు రెండు చేతులకీ సమానంగా సర్దుకుని లిఫ్ట్ ఎక్కకుండా మెట్లెక్కడమే.

మా కొలీగ్ ఒకామె బరువులెత్తితే మగాళ్లలా అయిపోతాం కదా అంది. మన శ్రీకాకుళం జిల్లా కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది, దాని వెనక ఎన్నేళ్ల సాధనో ఆలోచించండి. పప్పు ప్యాకెట్లతో కండలు ఉబ్బిపోవు, భయపడకండి.

తిండి మాత్రం చూసుకోవాలి. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు, అది కూడా కనీసం. మనమేమో గిన్నెడు పప్పు తిన్నాం కదా అనుకుంటాం, అందులో ఉండేది ఓ 30 గ్రాముల కందిపప్పు, ప్రోటీన్ ఆరేడు గ్రాములే. గుడ్డులో ఒక 6. శాకాహారులకి మీల్ మేకర్ చాలా మంచిది, ఎండువి 100 గ్రాముల్లో దగ్గర దగ్గర సగం ప్రోటీనే, కూరలో పిడికెడు వేసుకోండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా పెంచొద్దు.

బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టి ఎత్తకూడదు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి, పైకి "ఒకటి, రెండు" అని లెక్కపెడితే ఊపిరి దానంతటదే నడుస్తుంది. షుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో చెయ్యొద్దు. మర్నాడు, ఆ తర్వాతి రోజు కండలు లాగుతాయి, అది మామూలే, కానీ కీలులో పొడిచినట్టు నొప్పి వస్తే ఆపెయ్యాలి. ఛాతీలో బరువుగా అనిపించినా, కళ్లు తిరిగినా వెంటనే డాక్టర్ దగ్గరికి. సిజేరియన్ అయినవాళ్లు, హెర్నియా ఉన్నవాళ్లు ముందే అడిగి మొదలుపెట్టండి.

పెళ్లిళ్లు, జ్వరాలు, పరీక్షలు వస్తాయి, వారం పోతుంది. తిరిగొచ్చాక ఒక ప్యాకెట్ తీసేసి మొదలుపెట్టండి, పోయిన వారానిది కలిపి ఒకేరోజు చెయ్యొద్దు, నేను అలా చేసి నాలుగు రోజులు మెట్లు దిగలేకపోయా.

లెక్క రాసుకోవడానికి యాప్ ఏం వద్దు. పాల ప్యాకెట్లు రాసుకునే గోడ క్యాలెండర్ ఉంటుంది కదా, ఆ గడిలోనే కింద ఎన్ని కిలోలు, ఎన్నిసార్లు అని రాస్తున్నాం. పోయిన గురువారం గడిలో అర లీటర్ పాలు 2 అని ఉంది, దాని కింద అమ్మ చేతిరాత: "12 సార్లు, దిండు లేకుండా".