సింకు మీది గీత పోయాక మిగిలే మెరుపు మచ్చకు

స్టీలు సింకు పక్కనున్న చదునైన పలక మీది గీతను అరగదీసి పాలిష్ చేస్తే గీత పోతుంది గానీ, స్టీలు మీద తయారీలోనే పెట్టిన సన్నని చారల మధ్య ఆ చోటు మాత్రం అద్దంలా మెరుస్తూ గీతకన్నా ఎక్కువగా కంటపడుతుంది.

ముందుగా దీపం వెలుతురులో ఏటవాలుగా చూసి చారలు ఎటు సాగుతున్నాయో గుర్తించాలి. అగ్గిపెట్టెంత చదునైన చెక్కముక్కకు 220 నంబరు వాటర్ పేపరు (తడిపి వాడే గరుకు కాగితం) బిగువుగా చుట్టి, రెండు చుక్కల గిన్నెల సబ్బు కలిపిన నీటితో తడిపి, మచ్చకు అటూ ఇటూ జానెడు దాటేలా, చారల వెంబడే, ఒకే వైపుకు పదిహేను ఇరవై సార్లు తేలికగా లాగాలి. ప్రతిసారీ చివరన చెక్కను ఎత్తి మళ్లీ మొదటికి తేవాలి. ముందుకూ వెనక్కూ తోమితే చారలు వంకర తిరుగుతాయి, గుండ్రంగా తోమితే పని మొత్తం చెడుతుంది. తర్వాత గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో అదే దిశలో పదిసార్లు లాగితే కొత్త చారల పదును తగ్గి పాతవాటిలో కలిసిపోతాయి. నల్లటి నీటిని కడిగి, పొడిగుడ్డతో తుడిచాకే ఫలితం చూడాలి.

వేలిముద్రలు పడకుండా పైన పారదర్శకమైన పూత వేసిన ఫ్రిజ్ తలుపుల మీద మాత్రం ఇది పనికిరాదు, పూతే లేచిపోతుంది.